తరగతిలో పూర్వపక్షం

మన బడుల్లో పిల్లలకు వాదన నేర్పుతున్నామని చెప్పుకునే సందర్భాలు ఏడాదికి నాలుగైదు వస్తాయి. ఆగస్టు పదిహేను, గిడుగు జయంతి, గాంధీ జయంతి, వార్షికోత్సవం. ఆ రోజుల్లో వక్తృత్వపు పోటీ తప్పకుండా వుంటుంది. "విజ్ఞానశాస్త్రం వరమా, శాపమా?" అన్నది తరతరాలుగా చెక్కుచెదరకుండా వస్తున్న విషయం. ఉపన్యాసం అయ్యవారు రాసిస్తాడు. పిల్లవాడు కంఠస్థం చేస్తాడు. గొంతు ఎక్కడ హెచ్చించాలో, చెయ్యి ఎక్కడ ఎత్తాలో కూడా ముందే నేర్పివుంటారు. వరమన్నవాడు శాపమన్నవాడి మాట వినడు. వినవలసిన అవసరం వాడికి లేదు, వాడు చెప్పవలసింది క్రితం రాత్రే పూర్తయింది. చప్పట్లు ఎక్కువ వచ్చినవాడు గెలుస్తాడు. ఆ గంటసేపట్లో ఇద్దరిలో ఒక్కడికైనా కొత్త ఆలోచన కలిగిందా అని ఎవరూ అడగరు.

దీన్ని వాదన నేర్పడం అనవచ్చునా? అనకూడదని నా అభిప్రాయం. కడప జిల్లాలో ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల అనే మూడు ఊళ్ళలో నేను తెలుగు చెప్పాను. మూడూ ఒక పూటలో చుట్టి రాగల దూరంలో వున్న ఊళ్ళే. అక్కడి తరగతుల్లో నాకు తేలిన విషయం ఒకటే. పిల్లవాడికి మొదట నేర్పవలసింది తన పక్షాన్ని నిలబెట్టడం కాదు. ఎదుటివాడి పక్షాన్ని, ఎదుటివాడే ఒప్పుకునేటట్లు, నిజాయితీగా చెప్పడం. మన శాస్త్రాలు దీన్నే పూర్వపక్షం అన్నాయి. ఇది నేర్పని చోట ఎన్ని పోటీలు పెట్టినా తయారయ్యేది గొంతు మాత్రమే.

పేరు ప్రాచీనమైనదని ఎవరూ ఉలిక్కిపడనక్కరలేదు. గౌతముడి న్యాయసూత్రాలు మాటల పోరును మూడు రకాలుగా విభజించాయి. ప్రమాణాలతో, తర్కంతో, సత్యం తేల్చుకోవడానికి ఇద్దరు చేసేది వాదం. గెలుపే గురిగా, మాటల మెలికలకు కూడా వెనుదీయకుండా చేసేది జల్పం. తనకంటూ ఒక పక్షం లేకుండా ఎదుటివాడి మాటను పడగొట్టడమే పనిగా పెట్టుకున్నది వితండ. ఈ విభజన చేసినవారి సమాజంలో వాదించే హక్కు ఎంతమందికి వుండిందనేది వేరే ప్రశ్న. ఆ హక్కు చాలామందికి లేదని మనకు తెలుసు. అయినా విభజన పనికివస్తుంది. మన వక్తృత్వపు పోటీ జల్పం. మన టెలివిజను చర్చ చాలావరకు వితండ. వాదానికి మాత్రం మన కాలనిర్ణయ పట్టికలో ఒక్క పీరియడ్ లేదు.

ప్రొద్దుటూరుకు మాటల విషయంలో పెద్ద వారసత్వమే వుంది. "రాణాప్రతాపసింహ చరిత్ర" రాసిన దుర్భాక రాజశేఖర శతావధాని, "శివభారతము" రాసిన గడియారం వేంకట శేషశాస్త్రి ఆ ఊళ్ళో వుండి, జంటగా అవధానాలు చేశారు. అవధానం వాదం కాదు. మధ్యలో ఒక్కడు కూర్చుంటాడు, చుట్టూ పృచ్ఛకులు పరీక్షిస్తారు, సభ చప్పట్లు కొడుతుంది. అందులో జ్ఞాపకశక్తికీ, ఛందస్సుమీద అధికారానికీ వున్న స్థానం ఆలోచనకు లేదని అభ్యుదయ విమర్శకులు అన్న మాటలో నిజం వుంది. కాని అందులో ఒక్క అంశం ఉపాధ్యాయుడు గమనించదగ్గది. నిషిద్ధాక్షరి ఇచ్చే పృచ్ఛకుడు, అవధాని నోట అక్షరం వచ్చిన కొద్దీ, తర్వాత అతని బుద్ధి ఎటు పోబోతున్నదో కనిపెట్టి ఆ అక్షరాన్ని నిషేధించాలి. అంటే అతడు ఎదుటివాడికంటె శ్రద్ధగా ఎదుటివాడి మాట వినాలి. అందరూ అవధానిని మెచ్చుకుంటారు. నాకు మాత్రం, వినడమనే విద్య తెలిసినవాడు ఆ పృచ్ఛకుడే అనిపిస్తుంది.

ఈ శేషశాస్త్రిగారు ప్రొద్దుటూరు ఉన్నత పాఠశాలలో తెలుగు పండితులుగా పనిచేసినవారు. 2014లో వచ్చిన పదో తరగతి తెలుగు వాచకంలో వారి "శివభారతము"నుంచి "మాతృభావన" అనే పాఠం వుండేది. యుద్ధంలో చెరపట్టి తెచ్చిన యవనకాంతను శివాజీ తల్లిలా భావించి, తెచ్చిన సేనానిని మందలించి, గౌరవంగా పంపివేసిన కథ. ప్రొద్దుటూరులో ఆ పాఠం చెబుతూ, స్త్రీని గౌరవించడమంటే ఏమిటని తరగతిని అడిగాను. అందరూ ముక్తకంఠంతో "తల్లిలా చూడటం" అన్నారు. ప్రశ్నల పుస్తకంలో జవాబు అదే. కొంతసేపటికి చివరి బెంచీలో ఒక మగ్గం నేసే ఇంటి పిల్ల లేచి, "తల్లి అనుకున్యాడు కాబట్టి ఇడిసిపెట్టినాడు సార్. తల్లి అనుకోకుంటే?" అన్నది.

తరగతి నవ్వింది. నవ్వు ఆగినాక ఒక పిల్లవాడు జవాబు చెప్పాడు: "ఆ కాలంలో గెలిచినోళ్ళు ఆడోళ్ళను పంచుకునేటోళ్ళు. అట్లాటప్పుడు తల్లి అనడమే పెద్ద మాట." ఇద్దరి మాటల్లోనూ న్యాయం వుంది. రచనను దాని కాలంలో పెట్టి చూడాలంటాడు పిల్లవాడు. ఆ విలువ ఈ కాలానికి చాలుతుందా అంటుంది పిల్ల. మన విమర్శకులు ఏళ్ళ తరబడి పత్రికల్లో తర్కించుకున్న సమస్య ఇదే. అప్పుడు నేను వాళ్ళకొక నియమం పెట్టాను. జవాబు చెప్పేముందు ఎదుటివారి మాటను తన మాటల్లో చెప్పాలి. "అవును, నేనన్నది అదే" అని వారు ఒప్పుకున్నాకనే తన మాట చెప్పాలి. పిల్లవాడు ఆ పిల్ల మాటను మొదటిసారి చెప్పినప్పుడు "శివాజీ మంచోడు కాదంటాండాది" అన్నాడు. ఆమె ఒప్పుకోలేదు. రెండోసారీ ఒప్పుకోలేదు. మూడోసారి, "తల్లైనా కాకపోయినా మనిషే కదా, మనిషైనందుకే ఇడిసిపెట్టాల అంటాంది" అన్నాడు. ఆమె తల వూపింది. పిల్లవాడు కొంతసేపు నిలబడి, చెప్పదలచుకున్న జవాబు చెప్పకుండా కూర్చున్నాడు. ఓడిపోయి కాదు. ఆ మాటను తన నోటితో చెప్పేసరికి దాని బరువు వాడికి తెలిసింది.

ఈ నియమానికి ఒక ఆక్షేపణ వుంది. మిత్రులు చాలామంది అన్నారు: అవతలి పక్షాన్ని కూడా చక్కగా చెప్పడం నేర్పితే గిరీశాలు తయారవుతారు గదా అని. "కన్యాశుల్కం"లో గిరీశం ఏ పక్షాన్నైనా సమర్థించగలడు. ఎవరి దగ్గర ఏది చెల్లుతుందో అది మాట్లాడతాడు. నిజమే. కాని గిరీశం మాటను ఎవరు పరీక్షిస్తారు? ఎవరూ పరీక్షించరు, అంచేతనే అతని ఆటలు సాగాయి. నేను చెప్పే పద్ధతిలో ఎదుటివాడి మాటను ఎదుటివాడి ముందే చెప్పాలి. సరిగ్గా చెప్పిందీ లేనిదీ తేల్చే అధికారం అతనిదే. గిరీశాన్ని ఇట్లా నిలబెడితే రెండు నిమిషాల్లో దొరికిపోతాడు.

రెండో నియమం జమ్మలమడుగులో అవసరమైంది. జమ్మలమడుగు పక్కన పెన్నమీద గండికోట జలాశయం వుంది. సామర్థ్యం 26.85 టి.ఎం.సి. శ్రీశైలం వెనుకనీరు గాలేరు–నగరి కాలువల మీదుగా ఇందులోకి వస్తుంది. 2020లో నీటిమట్టం పెంచినప్పుడు కొండాపురం మండలంలోని తాళ్ళప్రొద్దుటూరు ఇళ్ళలోకి నీళ్ళు వచ్చాయి. పరిహారం తేలకముందే ఖాళీ చెయ్యమంటే ఎట్లాగని జనం ఆందోళన చేశారు. ఆ తర్వాత సంవత్సరం నా తరగతిలో మునిగిన పల్లెల పిల్లలు వున్నారు, నీళ్ళకోసం తరాలుగా ఎదురుచూసిన సేద్యగాళ్ళ పిల్లలూ వున్నారు. జలాశయం వల్ల మేలెవరికి, కీడెవరికి అని ప్రశ్న పెట్టాను. పది నిమిషాల్లో తరగతి రెండుగా చీలింది. పెద్దల నోట విన్న మాటలన్నీ వచ్చాయి. ఎవరి నాయకుడి పేరు వాళ్ళు ఎత్తుకున్నారు.

నేను బోర్డుమీద మూడు గళ్ళు గీశాను. చూసింది, విన్నది, చదివింది. చెప్పిన ప్రతి మాటనూ ఎట్లా తెలుసునో అడిగి ఆయా గళ్ళలో రాశాను. పీరియడ్ అయ్యేసరికి "విన్నది" అనే గడి నిండిపోయి పక్కకు పొంగింది. "చదివింది"లో రెండు మాటలు. "చూసింది"లో వున్నవన్నీ ఒక్క పిల్లవే. ఆ పిల్ల అంతదాకా నోరు తెరవలేదు. పునరావాస కాలనీనుంచి వస్తుంది. అడిగితే, నీళ్ళు మొదట ఏ వీధిలోకి వచ్చాయో, గొడ్లను ఎక్కడికి తోలుకుపోయారో, ఇంటి దూలాలు ఎట్లా విప్పుకొచ్చారో చెప్పింది. "మా జేజి మాత్రం కుండలు సర్దుకోల్యా సార్. నీళ్ళు ఎనక్కి పోతాయనుకున్యాది" అన్నది. తరగతిలో బాగా మాట్లాడతాడని పేరున్న పిల్లవాడి మాటలన్నీ "విన్నది"లోనే మిగిలాయి.

దీనివల్ల నాకు అర్థమైంది చెబుతాను. వక్తృత్వాన్ని కొలబద్దగా పెడితే ఎప్పుడూ గెలిచేది ఇంట్లో పుస్తకాలు, పత్రికలు వున్న పిల్లవాడు, ధైర్యంగా మాట్లాడినా ఎవరూ కోప్పడని కులంవాడు, పెద్దబజారు భాష వచ్చినవాడు. "యాడ", "ఏమిటికి" అంటే నవ్వే తరగతిలో పల్లె పిల్ల నోరు విప్పదు. ఆధారాన్ని కొలబద్దగా పెట్టండి. బతుకు చూసినవాడి మాటకు విలువ వస్తుంది. అయితే అంతటితో ఆగితే అది కూడా అసంపూర్ణమే. ఒక ఊరి దుఃఖాన్ని చూసిన కళ్ళు మరో ఊరి కరువును చూసి వుండకపోవచ్చు. "చూసింది" ఎంత విలువైనదైనా, అది ఒక చోటునుంచి చూసిందే.

ఈ లోటు పులివెందులకు బదిలీ అయినాక తీరింది. గండికోటలో చేరిన నీరు అక్కడే ఆగదు. ఎత్తిపోతల మీద 10 టి.ఎం.సి.ల చిత్రావతి బ్యాలెన్సింగ్ రిజర్వాయరుకూ, 6 టి.ఎం.సి.ల పైడిపాలెం జలాశయానికీ పోతుంది. అంటే జమ్మలమడుగు తాలూకా పల్లెలను ముంచిన నీళ్ళు పులివెందుల వైపు చీనీ తోటలకు చేరతాయి. జమ్మలమడుగు పిల్లలు రాసిన కాగితాలు నేను దాచివుంచాను. పేర్లు తీసివేసి, వాటిని పులివెందుల తరగతిలో చదివించి, అదే ప్రశ్న వేశాను. "పరిహారం ఇచ్చినారు గదా సార్, ఇంగేముండాది?" అన్నది మొదటి జవాబు. తర్వాత వాళ్ళ బతుకులూ బయటికి వచ్చాయి. వెయ్యి అడుగులకు పైగా వేసినా తడి తగలని బోర్లు, ట్యాంకర్లతో నీళ్ళు తోలి బతికించుకున్న చీనీ చెట్లు, చివరికి నరికి కట్టెలకింద అమ్ముకున్న తోటలు. ఇవీ చూసినవే, విన్నవి కావు.

ఇక్కడ వాదన నడపడం జమ్మలమడుగులోకంటె కష్టం. కారణం అందరికీ తెలిసిందే. మా ప్రాంతపు పల్లెల్లో "పార్టీ" అనే మాటకు అర్థం సిద్ధాంతం కాదు, ముఠా. "నువ్వు యా పార్టీ?" అంటే నువ్వు ఎవరి మనిషివి అని. బావి దగ్గరో, గట్టు దగ్గరో వచ్చిన తగాదా కాలక్రమాన కాంట్రాక్టుల తగాదా, పదవుల తగాదా అయింది. నడిపించేవాడు భూమి, డబ్బు వున్న పెత్తందారు; కత్తి పట్టేవాడు, జైలుకు పోయేవాడు, చచ్చేవాడు పేద రైతు, కూలీ. ఈ వ్యవస్థలో భిన్నాభిప్రాయానికి చోటు లేదు. నా మాట కాదన్నవాడు అవతలి మనిషి. అవతలి మనిషితో మాటలుండవు. ఇట్లాంటి ఇళ్ళనుంచి వచ్చిన పిల్లవాడికి, ఒకడి మాటను కాదంటూనే వాడి పక్కన కూర్చుని సద్ది పంచుకోవచ్చు అన్నది మొదట నమ్మశక్యంగా వుండదు. ముఠాకక్షల మూలాలు భూమిలో, అధికారంలో వున్నాయి. తరగతిగది వాటిని పెళ్ళగిస్తుందని నేను అనను. కాని ఆ మూలాలను పెళ్ళగించవలసిన మనుషులు ఒకరి మాట ఒకరు వినడం ఎక్కడో ఒకచోట నేర్వాలి గదా.

పులివెందుల పిల్లలు జమ్మలమడుగు కాగితాల్లోని పక్షాన్ని తమ మాటల్లో రాశారు. రాసినది చాలామందికి రెండుమూడుసార్లు తిప్పికొట్టాను. ఆఖరికి ఒక పిల్లవాడు ఇట్లా తేల్చాడు: "నీళ్ళు మాకు కావాల. కాని వాళ్ళకు ఇల్లూ దుడ్లూ ముట్టినాకనే నీళ్ళు నింపాల. ముందు నింపి తర్వాత ఇస్తామంటే, ఇచ్చేవాళ్ళకు అవసరమేముండాది?" ఇది జమ్మలమడుగు పక్షమూ కాదు, పులివెందుల పక్షమూ కాదు. 2013నాటి భూసేకరణ చట్టం నీటిపారుదల ప్రాజెక్టుల విషయంలో చెప్పేదీ ఇదే: ముంపుకు ఆరు నెలల ముందే పునరావాసం పూర్తికావాలని. చట్టం చదవని పిల్లలు, రెండు పక్షాలనూ నిజాయితీగా ఎదురెదురు పెట్టుకుని, చట్టం దగ్గరికి తామే వచ్చారు. అంతేకాదు, ఆ చట్టం ఎందుకు అవసరమో కూడా పిల్లవాడి ఆఖరి వాక్యంలో వుంది.

ఇవి బడిలో ఆడుకునే ఆటలు కావు. పులివెందుల పక్కన వేముల మండలం తుమ్మలపల్లెలో యురేనియం గనికి 2006లో ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది. 2012లో గని, శుద్ధి కర్మాగారం పనిచేయడం మొదలుపెట్టాయి. తర్వాత వ్యర్థాల చెరువు చుట్టుపక్కల పల్లెల రైతులు బోరునీళ్ళు చెడిపోయాయని, పంటలు దెబ్బతిన్నాయని ఫిర్యాదులు చేస్తూ వచ్చారు. ప్రజాభిప్రాయ సేకరణ అనేది చట్టం సామాన్యుడికి ఇచ్చిన వాదనావేదిక. అక్కడ ఒక పక్కన ఇంజనీర్లు, నివేదికలు, మైకులు. మరో పక్కన రైతు. చెరువు అడుగున ఏమి పరుస్తారు, నీటిని ఎవరు పరీక్షిస్తారు, ఆ ఫలితాలు మాకు ఏ భాషలో ఇస్తారు అని అడగగలవాడు ఆ రైతుల్లో వుండాలి. ఉద్యోగాలు వస్తాయన్న పొరుగువాడిని ద్రోహి అనకుండా, అతని మాటకు జవాబు చెప్పగలవాడూ వుండాలి. ఇద్దరూ బడిలో తయారుకాకపోతే ఇంకెక్కడ తయారవుతారు?

ప్రభుత్వాలకు ఇది తెలియదని కాదు. 2005నాటి జాతీయ విద్యాప్రణాళిక చట్రం బట్టీపట్టడాన్ని తప్పుపట్టింది. 2011లో మన రాష్ట్రం తన పరిధి పత్రం రాసుకుంది. కొత్త తెలుగు వాచకాల్లో "వినడం, మాట్లాడడం" ఒక సామర్థ్యంగా చేరింది. పాఠం వెనుక చర్చించండి అన్న అభ్యాసాలు వచ్చాయి. పదో తరగతిలో 80 మార్కులు రాతకు, 20 బడిలో జరిగే మూల్యాంకనానికి కేటాయించారు. ఏమైంది? చర్చకు మార్కులు పడ్డాయి, చర్చ జరగలేదు. మార్కుల యంత్రంలా నడిచే ఒక ప్రైవేటు బడిలో, జరగని చర్చకు నివేదికలు పిల్లలచేత ఒకే రోజున రాయించడం నేను కళ్ళారా చూశాను. 2019లో పదో తరగతిలో ఆ 20 మార్కులనూ తీసివేశారు. మార్కుల కోసం పెట్టింది మార్కులతోనే పోయింది. పిల్లవాడి మాటకు విలువ వుందని నమ్మని వ్యవస్థ ఆ మాటను కొలవబోవడమే విడ్డూరం.

మనవైపు లోపాలు కూడా చెప్పుకోవాలి. అభ్యుదయవాదులమైన ఉపాధ్యాయుల్లో చాలామందికి చర్చ అంటే, తీర్మానం చేతిలో పెట్టుకుని పిల్లలను దానివైపు నడిపించడం. మన మాటే నిజం కావచ్చు. కాని పిల్లవాడు ఆ నిజాన్ని అయ్యవారి మాటగా నమ్మితే, రేపు ఇంకా పెద్ద గొంతుగల అయ్యవారు దొరకగానే దాన్ని వదిలేస్తాడు. విద్యార్థి ఖాళీ పాత్ర, ఉపాధ్యాయుడు అందులో నింపేవాడు అనే బోధనను పాలో ఫ్రేరీ "పీడితుల బోధనాశాస్త్రం"లో ఖండించాడు. నింపే సరుకు విప్లవకరమైనంత మాత్రాన నింపే పద్ధతి విప్లవకరం కాదు.

దీనికి ఎదురుప్రశ్న వుంది, న్యాయమైనదే. అన్నిటికీ రెండు పక్షాలుంటాయా? అంటరానితనానికి అనుకూలంగా కూడా పిల్లవాడిచేత వాదింపజేస్తారా? చేయించను. ఒక పిల్లవాడు మనిషా కాదా అన్నది అదే తరగతిలో వాడి ముందు చర్చకు పెట్టవలసిన విషయం కాదు. మనుషుల సమానత్వం చర్చలో తేలే ఫలితం కాదు, చర్చ నిలబడే నేల. ఆ నేలమీద నిలబడి, అంటరానితనం మా ఊళ్ళో ఇప్పుడు ఏ రూపాల్లో వుంది, పోవడానికి భూమి ముందా, చదువు ముందా, చట్టం ముందా అన్నది చర్చించవచ్చు, చర్చించాలి.

ఈ పని ఉపాధ్యాయుడికి క్షేమకరమైనది కాదు. కలకత్తా హిందూ కళాశాలలో డిరోజియో అనే యువ ఉపాధ్యాయుడు 1828లో విద్యార్థులతో చర్చా సంఘం పెట్టి, మతాచారాలతో సహా దేన్నైనా తర్కించమన్నాడు. 1831లో యాజమాన్యం అతనిచేత రాజీనామా చేయించింది. ఆ ఏడాది చివరనే, ఇరవైరెండేళ్ళకు, చనిపోయాడు. ఇప్పటికీ పిల్లలు ఇంటికి పోయి ప్రశ్నలు వేస్తే, మరునాడు ఎవరో ఒకరు బడికి వస్తారు. అంచేత ఒంటరిగా ఈ పని చేయడం కష్టం. ఉపాధ్యాయ సంఘాలు జీతాల కోర్కెలతోపాటు తరగతిలో ప్రశ్నించే స్వేచ్ఛను కూడా తమ కోర్కెల పట్టీలో చేర్చుకోవలసి వుంది.

పైడిపాలెం పేరు పైన చెప్పాను. ఆ ఊరు జలాశయం రాకముందే తెలుగు విమర్శకు తెలుసు. రాచమల్లు రామచంద్రారెడ్డి పుట్టింది అక్కడే. 1968లో కడపనుంచి "సంవేదన" అనే త్రైమాసిక పత్రిక నడిపి, సొంత శిబిరంలోని రచయితలను కూడా మొహమాటం లేకుండా విమర్శించినవాడు. దిగంబర కవులమీద అతని విమర్శతో అందరూ ఏకీభవించలేదు, ఏకీభవించనవసరం లేదు. కాని మనవాడు గదా అని ఊరుకోవడం, కానివాడు గదా అని కొట్టిపారేయడం, ఈ రెండూ అతనికి చేతకాలేదు. ముఠాల సీమ అని ముద్రపడిన నేలమీదనే ఆ నిష్పాక్షికత పుట్టింది. అది నేర్చుకోగల విద్యేనని నా తరగతుల్లోని పిల్లలు నాకు చూపారు. వారానికి ఒక పీరియడ్, ఒక నిజమైన ప్రశ్న, ఎదుటివారి మాటను ముందు చెప్పాలనే నియమం, ఎట్లా తెలుసు అని అడిగే అలవాటు వుంటే చాలు. వీటికి ఏ ఉత్తర్వూ అక్కరలేదు. చేయదలచిన ఉపాధ్యాయుడు వచ్చే సోమవారంనుంచే మొదలుపెట్టవచ్చు.